1:250 నిష్పత్తిలో ఎల్‌వీఎం3: లెగో ముక్కలతో కట్టిన రాకెట్టు, అది మోసుకెళ్లిన రోవర్

చంద్రయాన్-3ను 2023 జులై 14న శ్రీహరికోట రెండో ప్రయోగ వేదిక నుంచి మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 వాహక నౌకను జానెడుకు కాస్త తక్కువ ఎత్తులో, మార్కెట్లో దొరికే మామూలు లెగో ముక్కలతో కట్టిన పని వివరాలు ఇవి. ముక్కలను కోయలేదు, జిగురు వాడలేదు, రంగు వేయలేదు. కట్టాలనుకునేవారు అంకెలను ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. విఫలమైన అమరికలను కొలతలతో సహా రాశాను, ఎందుకంటే ఇంత చిన్న నిష్పత్తిలో ఏది ఎందుకు అతకదో తెలిస్తే సగం పని అయినట్టే.

పరికరాలు: డిజిటల్ వెర్నియర్ కాలిపర్, ముక్కలు విడదీసే బ్రిక్ సెపరేటర్, కంప్యూటర్లో లెగో నమూనాలు కట్టి చూసే బ్రిక్‌లింక్ స్టూడియో సాఫ్ట్‌వేర్, గళ్ల కాగితం.

దశ 1: కొలతల పునాది

1. స్టడ్డు (ముక్క మీద ఉండే గుండ్రని బొడిపె) నుంచి పక్క స్టడ్డుకు దూరం 8 మి.మీ.
2. బ్రిక్కు (మందపు ముక్క) ఎత్తు 9.6 మి.మీ., ప్లేటు (పలచని ముక్క) ఎత్తు 3.2 మి.మీ. అంటే మూడు ప్లేట్లు ఒక బ్రిక్కు.
3. అయిదు ప్లేట్ల ఎత్తు 16 మి.మీ. అది రెండు స్టడ్ల వెడల్పుకు సరిగ్గా సమానం.
4. కొన్ని బ్రిక్కుల పక్క గోడ మీద ఉండే స్టడ్డు ఎత్తుకు సరిగ్గా మధ్యలో ఉండదు. దాని కేంద్రం పై అంచుకు 4 మి.మీ. కింద, అడుగుకు 5.6 మి.మీ. పైన ఉంటుంది.

మూడో సూత్రం చిన్న నమూనాలు కట్టేవారందరికీ తెలిసిందే. నాలుగో దాన్ని చాలామంది పట్టించుకోరు. ఆ 5.6కూ 4కూ మధ్య తేడా 1.6 మి.మీ., అంటే అర ప్లేటు. ఈ నమూనాలో వచ్చిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ అర ప్లేటు దగ్గరే పుట్టాయి.

కాలిపర్‌తో కొలిస్తే రెండు స్టడ్ల వెడల్పున్న ముక్క 16కు బదులు 15.8 మి.మీ. చూపుతుంది. పక్క ముక్కతో ఒరుసుకోకుండా తయారీలోనే వదిలిన సందు అది. లెక్కల్లో మాత్రం 16నే వాడాలి, ఎందుకంటే ముక్కలు కూర్చునేది స్టడ్ల దూరాన్ని బట్టే.

దశ 2: నిష్పత్తి ఎంపిక

లెగో సంస్థ 2017లో విడుదల చేసిన అపోలో శాటర్న్ 5 సెట్టు 1:110 నిష్పత్తిలో 1969 ముక్కలతో మీటరు ఎత్తు ఉంటుంది. అదే నిష్పత్తిలో 43.5 మీటర్ల ఎల్‌వీఎం3 దాదాపు 40 సెంటీమీటర్లు అవుతుంది. అది చిన్న నమూనా కాదు, కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

మొదట 1:400తో ప్రయత్నించాను. ఎత్తు 109 మి.మీ., అంటే 34 ప్లేట్లు. పక్కనుండే ఎస్200 బూస్టర్ల వ్యాసం 3.2 మీటర్లు కాబట్టి 8 మి.మీ., అంటే ఒక స్టడ్డు గుండ్రని ముక్క సరిగ్గా సరిపోయింది. నడిమి ఎల్110 దశ వ్యాసం 4 మీటర్లు, అది 10 మి.మీ. కావాలి. ఉపగ్రహాన్ని కప్పి ఉంచే పై తొడుగు, అంటే ఉష్ణకవచం 5 మీటర్లు, అది 12.5 మి.మీ. కావాలి. ఈ రెండు కొలతల్లో గుండ్రని ముక్కలు లేవు. నడిమి దశకూ 8 మి.మీ. ముక్కే వాడితే మూడు కడ్డీలు ఒకే లావున నిలబడ్డాయి. ఎత్తు ఎంత కచ్చితంగా ఉన్నా, ఆ బొమ్మను చూసి ఎల్‌వీఎం3 అని ఎవరూ గుర్తుపట్టలేరు.

ఈ నౌకను గుర్తుపట్టించేది దాని ఎత్తు కాదు. రెండు పక్కలా ఉన్న లావుపాటి బూస్టర్లు, నడిమి భాగం కంటే ఉబ్బిన తల దాని గుర్తులు. కాబట్టి నిష్పత్తిని వ్యాసాలను బట్టే నిర్ణయించాలి. 4 మీటర్లను రెండు స్టడ్లుగా తీసుకుంటే 1:250 వస్తుంది. అప్పుడు లెక్క ఇలా తేలింది.

1. ఒక స్టడ్డు 2 మీటర్లు, ఒక ప్లేటు 0.8 మీటరు, ఒక బ్రిక్కు 2.4 మీటర్లు.
2. ఎల్110: 4 మీటర్లు, 16 మి.మీ. 2×2 (రెండు స్టడ్ల పొడవు, రెండు స్టడ్ల వెడల్పు) రౌండ్ బ్రిక్కు సరిగ్గా సరిపోతుంది.
3. ఎస్200: 3.2 మీటర్లు, 12.8 మి.మీ. ఇంత వ్యాసంలో గుండ్రని ముక్క లేదు, కానీ పక్కకు తిప్పి పేర్చిన నాలుగు ప్లేట్ల మందం సరిగ్గా ఇంతే.
4. ఉష్ణకవచం: 5 మీటర్లు, 20 మి.మీ. దీని సంగతి దశ 5లో.
5. మొత్తం ఎత్తు: 174 మి.మీ. 54 ప్లేట్లు పేరిస్తే 172.8 వస్తుంది, లోటు ఒక శాతం కంటే తక్కువ.

దశ 3: నడిమి స్తంభం

బూస్టర్లు అతకాలంటే గుండ్రని స్తంభంలో అక్కడక్కడ పక్క స్టడ్లు కావాలి. ఒక పక్క రెండు స్టడ్లున్న 1×2 బ్రిక్కులను రెండింటిని వీపులు ఆనించి పెడితే 16 మి.మీ. చతురస్రపు పొర వస్తుంది, రెండు ఎదురెదురు వైపులా స్టడ్లు ఉంటాయి. దీన్ని ఇకపై పట్టీ అంటాను. కింద ఒకటి, పైన ఒకటి, రెండు పట్టీలు కావాలి.

మొదటి కూర్పులో పట్టీల మధ్య అయిదు రౌండ్ బ్రిక్కులు పెట్టాను. చూడటానికి బాగానే ఉంది. బూస్టరు ప్లేటును కింది పట్టీకి నొక్కితే పైన ఊడింది, పైన నొక్కితే కింద ఊడింది. గట్టిగా రెండు చోట్లా నొక్కితే ప్లేటు విల్లులా వంగింది. లెక్క వేస్తే కారణం తేలిపోయింది. ఒక పట్టీ స్టడ్ల నుంచి రెండో పట్టీ స్టడ్లకు 18 ప్లేట్లు, అంటే 57.6 మి.మీ. ఉంది. బూస్టరు ప్లేటు మీద ఏడు స్టడ్ల దూరం 56 మి.మీ. తేడా 1.6 మి.మీ., అదే అర ప్లేటు.

ఒట్టి బ్రిక్కులతో పేరిస్తే దూరం మూడేసి ప్లేట్ల చొప్పున పెరుగుతుంది. పక్కకు తిప్పిన ముక్కలు అతకాలంటే అది అయిదేసి ప్లేట్ల గుణిజం కావాలి. రెండింటికీ కుదిరే మొదటి అంకె 15. పట్టీల మధ్య నాలుగు రౌండ్ బ్రిక్కులు ఉంచితే దూరం 15 ప్లేట్లు, 48 మి.మీ., సరిగ్గా ఆరు స్టడ్లు. ఈసారి ఏ వేలు అడ్డం పెట్టకుండానే ప్లేటు రెండు పట్టీలకూ ఒకేసారి టక్కున కూర్చుంది.

కింది నుంచి పైకి పేర్చే వరుస:

1. పట్టీ (రెండు ముక్కలు).
2. నాలుగు 2×2 రౌండ్ బ్రిక్కులు, తెలుపు.
3. రెండో పట్టీ (రెండు ముక్కలు).
4. మూడు రౌండ్ బ్రిక్కులు. ఇక్కడికి ఎల్110 ముగుస్తుంది: 27 ప్లేట్లు, 86.4 మి.మీ. అసలు దశ 21.4 మీటర్లు, నమూనాలో 21.6.
5. బూడిదరంగు 2×2 రౌండ్ ప్లేటు ఒకటి, దశల మధ్య సంధికి గుర్తుగా.
6. మూడు రౌండ్ బ్రిక్కులు, బయటికి కనిపించే సి25 క్రయోజనిక్ దశ.
7. నడిమధ్య ఒకే స్టడ్డున్న 2×2 రౌండ్ జంపర్ ప్లేటు.

దశల పొడవులను విడివిడిగా తెచ్చి కూడవద్దు. సి25 ఇంజిను సంధి లోపల దాగి ఉంటుంది కాబట్టి ఆ కూడిక మొత్తం ఎత్తును మించిపోతుంది. ఐదు, ఆరు అంశాల కొలతలను ప్రయోగ వేదిక ఫొటోల నుంచి గళ్ల కాగితం మీదకు దించి తీసుకున్నాను.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇతర తయారీదారుల చవక ముక్కలను ఈ స్తంభంలో కలపవద్దు. ఒక్కో ముక్కలో కంటికి ఆనని తేడా పొర పొరకూ పేరుకుని పట్టీల దూరాన్ని పాడు చేస్తుంది. అలాంటివి ఉంటే వేదికలో వాడుకోవచ్చు, అక్కడ ఎత్తుతో పని లేదు.

*ఇప్పటివరకు ముక్కలు: 16. ఎత్తు: 38 ప్లేట్లు.*

దశ 4: ఎస్200 బూస్టర్లు

సుమారు 26 మీటర్ల పొడవు 104 మి.మీ. అవుతుంది, అంటే 13 స్టడ్లు. అందులో 12 బూస్టరు ఒళ్లు, ఒకటి కింది నాజిల్‌కు (మంట వెలువడే గొట్టానికి). ఒక్కో బూస్టరులో లోపలి నుంచి బయటికి నాలుగు పొరలు:

1. మొదటి పొర: కింద 2×8 ప్లేటు, పైన 2×4 ప్లేటు. రెండు పట్టీలూ ఆ 2×8 పరిధిలోనే వస్తాయి, అందుకే అతుకు గట్టిగా ఉంటుంది.
2. రెండో పొర: కింద 2×4, పైన 2×8. అతుకులు ఒకే చోట పడకూడదు.
3. మూడో పొర: కింది పది స్టడ్ల మేర 1×2 జంపర్ ప్లేట్లు పది.
4. నాలుగో పొర: కింది నుంచి 1×4 టైలు (పైన స్టడ్లు లేని నున్నని ముక్క), 1×4 టైలు, 1×2 టైలు.
5. ముక్కు: పైన మిగిలిన రెండు స్టడ్ల మీద 2×2 వంపు స్లోపు (వాలు ముక్క), పలచని అంచు పైకి ఉండాలి. దాని మందం రెండు ప్లేట్లు కాబట్టి మూడో, నాలుగో పొరలతో సమంగా కూర్చుంటుంది.

పది జంపర్లు ఎక్కువ అనిపించి 2×2 జంపర్లు అయిదింటితో సరిపెట్టి చూశాను. వెడల్పులో టైలు మధ్యకు వచ్చింది గానీ, పొడవులో కూడా 4 మి.మీ. జరిగిపోయింది, ఎందుకంటే 2×2 జంపర్ స్టడ్డు రెండు దిక్కుల్లోనూ నడిమధ్యలో ఉంటుంది. ముక్కు కింద అర స్టడ్డు గుంత తేలింది. తిరిగి 1×2 జంపర్లకే వచ్చాను.

టైళ్లను ఒకే 1×8, 1×2గా కాకుండా 4, 4, 2గా విడగొట్టడానికి కారణం ఉంది. అసలు ఎస్200 మోటారు మూడు ఖండాలుగా తయారవుతుంది, వాటిలో తల వైపు ఖండం అన్నిటికంటే పొట్టిది. టైళ్ల మధ్య సన్నని గీతలు ఆ సంధుల్లా కనిపిస్తాయి. ఇంత చిన్న నమూనాలో వివరాన్ని అదనంగా అతికించే చోటు లేదు. ఎలాగూ కనిపించే అతుకునే వివరంగా మార్చుకోవాలి.

ముందు నుంచి చూస్తే వెడల్పు 12.8 మి.మీ., కచ్చితం. పక్క నుంచి చూస్తే 16 మి.మీ., కావలసిన దానికంటే నాలుగో వంతు ఎక్కువ. బయటి పొర ఒక స్టడ్డు వెడల్పే కావడంతో అంచులు చెక్కినట్టు కనిపించి ఆ లావు కొంత మరుగున పడుతుంది. దీనికి ఇంతకంటే మంచి మార్గం నాకు దొరకలేదు.

*ఈ దశలో 36, ఇప్పటివరకు ముక్కలు: 52.*

దశ 5: ఉష్ణకవచం

కావలసింది 20 మి.మీ. 16 మి.మీ. గుండ్రని ముక్క పెడితే ఉబ్బు పోయి నౌక సున్నపుకడ్డీలా తేలింది. 24 మి.మీ. ముక్క పెడితే అసలు కొలతలో 6 మీటర్లు, తల బరువై వికారంగా ఉంది. నాలుగు పక్కలా స్టడ్లున్న 1×1 బ్రిక్కు చుట్టూ రెండేసి ప్లేట్ల మందం అతికిస్తే 8, రెండు పక్కలా 6.4 చొప్పున, మొత్తం 20.8 మి.మీ. వస్తుంది. ఎక్కువైనది నాలుగు శాతం. దీన్నే ఖాయం చేశాను.

1. జంపర్ స్టడ్డు మీద నాలుగు పక్కల స్టడ్ల బ్రిక్కు.
2. దాని మీద 1×1 రౌండ్ ప్లేట్లు రెండు, బంగారు రంగు.
3. మళ్లీ నాలుగు పక్కల స్టడ్ల బ్రిక్కు. రెండు బ్రిక్కుల స్టడ్ల మధ్య దూరం అయిదు ప్లేట్లు, అంటే రెండు స్టడ్లు.
4. పైన తెల్ల రౌండ్ ప్లేట్లు మూడు, వాటిపై 1×1 కోను.
5. నాలుగు వైపులా, కింది స్టడ్డుకు 1×2 ప్లేటు, దానిపై 1×2 టైలు. ఇది నిటారు భాగం.
6. పై స్టడ్డుకు 1×3 వంపు స్లోపు, మందపు చివర కిందికి. ఇది కొనదేరే భాగం.

నిటారు భాగం 16 మి.మీ., కొనదేరే భాగం 24 మి.మీ. మధ్యలో సందు లేకుండా కలుస్తాయి. అడుగున మాత్రం జంపర్ ప్లేటుకూ కవచానికీ మధ్య 1.6 మి.మీ. గీత మిగిలింది. పక్క స్టడ్డు కేంద్రం 5.6 మి.మీ. ఎత్తులో ఉండటమే దానికి కారణం. పూడ్చడానికి అర ప్లేటు మందం ముక్క వెతికాను గానీ, రెండు అడుగుల దూరం నుంచి ఆ నీడగీతే కవచాన్ని దశ నుంచి వేరుచేసి చూపుతోందని గమనించి వదిలేశాను.

అడ్డంగా కోసి చూస్తే ఈ కవచం కూడిక గుర్తు ఆకారంలో ఉంటుంది, నాలుగు మూలలూ ఖాళీ. ఒకే స్టడ్డు మీద నిలబడింది కాబట్టి ఎటైనా తిరుగుతుంది. 45 డిగ్రీలు తిప్పితే ముందు నుంచి వెడల్పు లెక్కలో 20.4 మి.మీ. అవుతుంది, అసలు కొలతకు ఇంకా దగ్గర. అయితే మూలల ఖాళీ సరిగ్గా ఎదురుగా వచ్చి కవచం మధ్యలో చీలినట్టు కనిపించింది. కొలత మెరుగై బొమ్మ చెడింది కాబట్టి తిరిగి సూటిగా తిప్పేశాను.

బంగారు ప్లేట్లు బయటికి కనిపించవు. విక్రమ్ ల్యాండర్ కొలతలు 2 × 2 × 1.17 మీటర్లు. ఈ నిష్పత్తిలో అది ఒక స్టడ్డు పొడవు, ఒక స్టడ్డు వెడల్పు, ఒకటిన్నర ప్లేట్ల ఎత్తు. ప్రయాణికుడు తన చోట్లో ఉండాలి కదా అని ఆ రంగు పెట్టాను, తెలుపు పెట్టినా ఏ తేడా ఉండదు.

*ఈ దశలో 20, ఇప్పటివరకు ముక్కలు: 72. ఎత్తు: 52 ప్లేట్లు.*

దశ 6: వేదిక, నాజిళ్లు

ఎల్‌వీఎం3ని కూర్పు భవనంలో మొబైల్ లాంచ్ పెడెస్టల్ మీద నిలబెట్టి కట్టి, ఆ పెడెస్టల్‌తో సహా పట్టాల మీద ప్రయోగ వేదికకు తీసుకొస్తారు. నమూనాలో ఆ వాహనమే పీట.

బూస్టర్లలో ముక్కలన్నీ పక్కకు తిరిగి ఉన్నాయి కాబట్టి కిందికి చూసే నాజిల్‌ను వాటికి అతికించడం కష్టం. క్లిప్పులతో వేలాడదీస్తే తాకగానే వంకరపోయింది. అందుకని నాజిళ్లను రాకెట్టు నుంచి తీసేసి పీటకు బిగించాను. రాకెట్టు వాటిపైకి వచ్చి కూర్చుంటుంది.

1. 8×8 ప్లేటు ఒకటి.
2. నడిమి దశ కింద రెండు వికాస్ ఇంజిన్లకు గుర్తుగా ఐమూలగా రెండు చోట్ల, రెండేసి 1×1 రౌండ్ ప్లేట్లు. రాకెట్టు ఈ రెండు స్టడ్ల మీదే నిలుస్తుంది.
3. ఒక్కో బూస్టరు కింద నల్ల 1×2 జంపర్, దానిపై 1×1 రౌండ్ టైలు.
4. నడిమి 2×2 చోటు, జంపర్లు పోగా మిగిలిన 56 స్టడ్ల మీద టైళ్లు: 2×4వి నాలుగు, 1×8వి రెండు, 2×2వి రెండు.
5. నాలుగు మూలల కింద 1×4 ప్లేట్లు రెండేసి, పట్టాల మీది బోగీలకు గుర్తుగా.

మూడో అంశంలో టైలు బదులు మొదట రౌండ్ ప్లేటే పెట్టాను. కంప్యూటర్లో ఏ తగాదా లేదు: రెండు ప్లేట్ల ఎత్తు 6.4, దానిపై స్టడ్డు 1.6, మొత్తం 8.0 మి.మీ., బూస్టరు అడుగు కూడా సరిగ్గా 8.0లో ఉంది. చేత్తో కడితే బూస్టరు కింది కొస బయటికి తోసుకొచ్చింది. కాలిపర్‌తో స్టడ్డు ఎత్తు కొలిస్తే 1.7 దాటింది. సాఫ్ట్‌వేర్ వాడే ఎల్‌డ్రా కొలతల్లో ఒక ప్రమాణం 0.4 మి.మీ., స్టడ్డు ఎత్తును అందులో నాలుగు ప్రమాణాలుగా, అంటే 1.6గా గుండుగుత్తగా తీసుకుంటారు. తెర మీద రెండు ముక్కలు సరిగ్గా తాకుతున్నట్టు కనిపించిన చోటల్లా చేత్తో కట్టి చూడటం మంచిది. స్టడ్డు లేని టైలు పెట్టాక ఒత్తిడి పోయింది, 1.6 మి.మీ. సందు మిగిలింది. నేల మీద నుంచి లేచేటప్పుడు మండేవి ఎస్200లే, ఎల్110 గాలిలో అంటుకుంటుంది. కాబట్టి కళ్లు ముందుగా పోయేది ఆ నల్లటి కింది భాగానికే, అక్కడ సందు నీడలో కలిసిపోతుంది.

*ఈ దశలో 25, ఇప్పటివరకు ముక్కలు: 97. పీట మీద నుంచి ఎత్తు: 54 ప్లేట్లు.*

దశ 7: ప్రజ్ఞాన్, వేరే నిష్పత్తిలో

ప్రజ్ఞాన్ రోవర్ 91.7 × 75 × 39.7 సెంటీమీటర్లు. 1:250లో దాని పొడవు 3.7 మి.మీ., స్టడ్డు వ్యాసం 4.8 మి.మీ. రోవర్ స్టడ్డు కంటే చిన్నది, కట్టడానికి ముక్క లేదు. 1:40కి మారితే 22.9 × 18.8 × 9.9 మి.మీ. వస్తుంది. పొడవు మూడు స్టడ్లకు దగ్గర, ఆరు చక్రాలకు పక్కకు మూడు చొప్పున సరిపోతాయి.

రెండు ఎదురెదురు పక్కల స్టడ్లున్న 1×1 బ్రిక్కులు మూడింటిని వరుసగా పెట్టి, పక్క స్టడ్లకు 1×1 రౌండ్ ప్లేట్లను చక్రాలుగా తగిలించాను. రెండు లోపాలు బయటపడ్డాయి. చక్రాల మధ్య ఖాళీ లేక ట్యాంకు గొలుసులా కనిపించింది. చక్రం అడుగు బ్రిక్కు అడుగు కంటే 1.6 మి.మీ. పైన ఉండటంతో రోవర్ పొట్ట మీద కూర్చుని చక్రాలను గాలిలో ఆడించింది.

మొదటి దానికి మందు చక్రాలను తీసేయడమే. పక్క స్టడ్లకు 1×3 ప్లేటు తగిలిస్తే, ఆ ప్లేటు చక్రాలను మోసే చేతిలా కనిపిస్తుంది, దాని మూడు స్టడ్లే మూడు చక్రాలు. వ్యాసం 4.8 మి.మీ., మధ్యలో 3.2 మి.మీ. ఖాళీ. మొత్తం వెడల్పు దాదాపు 17.8 మి.మీ., అసలు కొలతకు ఒక మిల్లీమీటరు తక్కువ.

1. బ్రిక్కులు మూడు వరుసగా.
2. రెండు పక్కలా 1×3 ప్లేట్లు.
3. పైన ముదురు నీలం 1×3 టైలు, సౌరఫలకం.

రెండో లోపాన్ని రోవర్లో సరిచేయలేదు, నేలలో సరిచేశాను. 6×6 బూడిదరంగు ప్లేటు మీద 2×6, 1×6, 2×6 ప్లేట్లు పరిచి, ఒక 2×6 పక్కన ఒక స్టడ్డు వెడల్పు గాడి వదిలాను. రోవర్ పొట్ట ఆ గాడిలోకి దిగి, పక్క ప్లేట్లు గట్ల మీద ఆనుతాయి. స్టడ్ల చక్రాలు ఇప్పటికీ నేలకు 1.6 మి.మీ. పైనే ఉన్నాయి. కంటి ఎత్తులో పెట్టి చూస్తే అది తెలుస్తుంది. బల్ల మీద పెట్టి పైనుంచి చూసేవారికి తెలియదు, కాబట్టి నమూనాను బల్ల మీదే ఉంచండి.

*రోవర్ 6, నేల 4. మొత్తం ముక్కలు: 107.*

కట్టేవారికి మిగిలిన వివరాలు

రాకెట్టును కదిపేటప్పుడు పై పట్టీ దగ్గర, రెండు బూస్టర్ల మధ్య పట్టుకోవాలి. ఉష్ణకవచం ఒకే స్టడ్డు మీద ఉంది కాబట్టి దాన్ని పట్టి లేపితే ఊడి వస్తుంది, బూస్టరు కొస పట్టి లేపితే పట్టీ వదులవుతుంది.

నాలుగు పక్కల స్టడ్ల తెల్ల బ్రిక్కు దొరకకపోతే, రెండు పక్కల స్టడ్ల బ్రిక్కులతోనూ కవచం కట్టవచ్చు. అప్పుడు స్లోపులు రెండు వైపులే వస్తాయి, ముందు నుంచి ఆకారం మారదు, ముక్కలు ఆరు తగ్గి మొత్తం 101 అవుతాయి. 1×2 జంపర్లు మాత్రం బూస్టర్లకు ఇరవై, పీటకు రెండు, మొత్తం 22 కావాలి. విడిగా కొనేటప్పుడు ముందుగా వాటినే వెతకండి.

విక్రమ్ ల్యాండర్ 1:40లో 50 మి.మీ. వెడల్పు, 29 మి.మీ. ఎత్తు అవుతుంది. ఎత్తుకు తొమ్మిది ప్లేట్లు కచ్చితంగా సరిపోతాయి, వెడల్పుకు ఆరు స్టడ్లు 48 మి.మీ. ఇస్తాయి. కాళ్లను ఏటవాలుగా నిలిపే క్లిప్పులు బరువుకు జారుతున్నాయి. ఆ అమరిక ఇంకా కుదరలేదు కాబట్టి ఆ ముక్కల సంఖ్యను ఈ లెక్కలో కలపలేదు.